చేతి కంప్యూటర్‌కు సీఎఫ్ వైఫై కార్డు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

డెల్ యాక్సిమ్ ఎక్స్5 అనే పాకెట్ పీసీలో, అంటే జేబులో పట్టే చేతి కంప్యూటర్‌లో, కాంపాక్ట్‌ఫ్లాష్ (సీఎఫ్) వైఫై కార్డు పెట్టుకుని న్యూజెర్సీలో ఏళ్ల తరబడి వాడాను. యాక్సిమ్ పక్కన పెట్టేశాక అదే కార్డు షార్ప్ జారస్ అనే ఇంకో చేతి కంప్యూటర్‌లోకి మారి ఇంకొంత కాలం పనిచేసింది. ఇలాంటి పాత చేతి కంప్యూటర్ (పీడీఏ) ఒకటి చేతికొచ్చి, దానికి వైఫై పెడదామని చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంత వాడకం తర్వాత నాకు గట్టిగా అనిపించేది ఒకటే. కార్డు డబ్బా మీద వేసే 11 మెగాబిట్ల వేగానికి విలువ ఇవ్వకండి. బ్యాటరీ ఎంత తింటుంది, దాని డ్రైవరును, అంటే కార్డును యంత్రంతో పనిచేయించే ప్రోగ్రామును, ఎవరు, ఎంతకాలం పట్టించుకుంటారు అన్నవే దాని ఆయుష్షును నిర్ణయిస్తాయి.

ముందు యాక్సిమ్‌నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. 2002 చివర్లో అది వచ్చేనాటికి వైఫై లోపలే ఉన్న చేతి కంప్యూటర్లు లేకపోలేదు. తోషిబా ఈ740 అప్పటికే దొరుకుతోంది, కాంపాక్ పేరుతో మొదలైన ఐపాక్ వరసలో 5450 కూడా వచ్చింది. వాటి ధర ఎక్కువ. పాత ఐపాక్ 3600 తీసుకుందామంటే కార్డు పెట్టాలన్నా దానికి వెనకనుంచి ఒక జాకెట్ తొడగాలి. తొడిగాక అది జేబులో పట్టదు. యాక్సిమ్‌లో సీఎఫ్, ఎస్‌డీ రెండు స్లాట్లూ ఉన్నాయి. వైఫై కార్డు ఒకదాంట్లో, మెమరీ కార్డు ఇంకోదాంట్లో ఒకేసారి పెట్టుకోవచ్చు. రెండూ ఒకేసారి ఉండటం ఎంత అవసరమో కింద బ్యాటరీ సంగతి చదివితే తెలుస్తుంది.

అప్పట్లో సీఎఫ్ వైఫై కార్డులు చాలా కంపెనీలు అమ్మేవి. లింక్‌సిస్ డబ్ల్యూసీఎఫ్12, డీ-లింక్ డీసీఎఫ్-660డబ్ల్యూ, సాకెట్ వాళ్ల తక్కువ కరెంటు కార్డు, 128 ఎంబీ మెమరీ కూడా కలిపి శాన్‌డిస్క్ తెచ్చిన కార్డు గుర్తున్నాయి. ప్రిజం అనే వైఫై చిప్‌సెట్ మీద కట్టినవి వాటిలో ఎక్కువ. నాదీ ప్రిజం కార్డే. ఏ కంపెనీదో చెప్పి లాభం లేదు, ఆ తరం కార్డుల నడత దాదాపు ఒకటే. స్లాట్‌లో పెట్టాక యాంటెన్నా ఉన్న తల భాగం వేలి గోరంత పైకి కనిపిస్తుంది. చొక్కా జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుతుంది తప్ప చేతిలో బరువు అనిపించదు. చవకగా దొరికే ఒక అడాప్టర్‌లో అదే కార్డును పెడితే ల్యాప్‌టాప్‌లో ఉండే ‘పీసీ కార్డు’ స్లాట్‌లోనూ పనిచేసేది. ఆ అడాప్టర్‌లో సర్క్యూట్ ఏమీ ఉండదు, పిన్నులను పిన్నులకు కలపడమే దాని పని. ఒక్క కార్డుతో రెండు యంత్రాలకు వైఫై వచ్చిందంటే ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇక బ్యాటరీ. ఆ తరం 802.11బి (11 మెగాబిట్ల పాత వైఫై పద్ధతి) కార్డులు సిగ్నల్ పంపేటప్పుడు దాదాపు 300 మిల్లీ ఆంపియర్ల వరకు లాగుతాయి. వినేటప్పుడు కూడా అందులో సగానికి పైనే. యాక్సిమ్ మామూలు బ్యాటరీ సుమారు 1,440 మిల్లీ ఆంపియర్ అవర్లు. దాంట్లోంచే తెర వెలుతురు, 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, ఈ కార్డు మూడూ బతకాలి. కార్డు లేకుండా కేలండర్, నోట్స్ చూసుకుంటూ పోతే చార్జి రోజులు వచ్చేది. కార్డు పెట్టి నెట్ చూస్తే రెండు గంటలు, మహా అయితే రెండున్నర. 3,400 మిల్లీ ఆంపియర్ అవర్ల పెద్ద బ్యాటరీ విడిగా దొరికేది. దానితో వీపు లావెక్కినా నేను దాన్నే ఉంచేశాను. వైఫై కార్డు కొనేవాళ్లు కార్డు ధరకు పెద్ద బ్యాటరీ ధర కూడా కలిపి లెక్క వేసుకోవాలని అప్పుడూ అందరికీ చెప్పేవాడిని, ఇప్పుడూ అదే చెబుతాను.

కార్డు సెట్టింగుల్లో పవర్ సేవ్ అని ఒకటి ఉంటుంది. దాన్ని అర్థం చేసుకుని వాడితే చాలా తేడా కనబడుతుంది. రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు ‘నేనున్నాను’ అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. పవర్ సేవ్‌లో ఉన్న కార్డు మధ్యలో నిద్రపోయి, ఆ సంకేతం వచ్చే వేళకు మాత్రం లేచి, తనకోసం ఏమైనా దాచి ఉంచారేమో చూసుకుని మళ్లీ పడుకుంటుంది. మెయిల్ చదవడానికి, వార్తల పేజీ తెరవడానికి ఇది చక్కగా సరిపోతుంది. మాట్లాడటానికి మాత్రం పనికిరాదు. 2004లో స్కైప్ పాకెట్ పీసీకి వచ్చింది. దానికి 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాలన్నారు, యాక్సిమ్‌కు సరిగ్గా అంతే ఉంది. తెనాలిలో నాన్నగారు నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే నేను వంటింట్లో యాక్సిమ్ పట్టుకుని మాట్లాడేవాడిని. పవర్ సేవ్ ఉంటే ఆయన మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆపేస్తే మాట శుభ్రంగా వినిపించేది, చార్జి మాత్రం కళ్ల ముందే దిగిపోయేది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక తెనాలిలో మా ఇంటికీ లైను వచ్చింది. అప్పటినుంచి నాన్నగారు నెట్ సెంటర్‌కు వెళ్లాల్సిన పని తప్పింది. కాలింగ్ కార్డు మీద పిన్ను గీకి నంబర్లు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడినవాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో తెలుస్తుంది. ఈ కార్డు మా ఇంట్లో చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది అదే.

చార్జి పూర్తిగా దిగిపోతే ఏమవుతుందో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. 2005లో విండోస్ మొబైల్ 5 అనే ఆపరేటింగ్ సిస్టం వచ్చేదాకా పాకెట్ పీసీలు వేసుకున్న ప్రోగ్రాములను, ఫోన్ నంబర్లను, సెట్టింగులను అన్నిటినీ కరెంటు ఉన్నంతసేపే నిలిచే ర్యామ్‌లోనే ఉంచేవి. పెద్ద బ్యాటరీ, లోపల ఉండే చిన్న బ్యాకప్ సెల్ రెండూ ఖాళీ అయితే యంత్రం కొత్తగా కొన్న రోజులా లేస్తుంది. కార్డు డ్రైవరు పోతుంది. వైఫై తాళం చెవి, అంటే పాస్‌వర్డ్, పోతుంది. వెప్ అనే పాత వైఫై భద్రతా పద్ధతిని 128 బిట్లతో వాడితే ఆ తాళం చెవి 26 అంకెలూ అక్షరాలూ. స్టైలస్‌తో చిన్న కీబోర్డు మీద ఒక్కొక్కటే పొడవాలి, ఒక్కటి తప్పినా కనెక్ట్ కాదు, ఎక్కడ తప్పిందో కూడా చెప్పదు. అందుకే ఎస్‌డీ స్లాట్‌లో ఎప్పుడూ ఒక మెమరీ కార్డు ఉండేది, అందులో మొత్తం బ్యాకప్, డ్రైవరు ఫైలు, తాళం చెవి రాసిన టెక్స్ట్ ఫైలు ఉండేవి. ఒకే స్లాట్ ఉన్న యంత్రంలో వైఫై కార్డు తీసి మెమరీ పెట్టి, మెమరీ తీసి వైఫై పెట్టి ఈ పని చేయడం నరకం.

పాకెట్ పీసీ 2002 అనే పాత ఆపరేటింగ్ సిస్టంకు వైఫై అనేదే తెలియదు, కార్డుతో వచ్చే ప్రోగ్రామే అన్నీ చూసుకోవాలి. విండోస్ మొబైల్ 2003కు మారాక ఆ బాధ తగ్గింది. కొత్త నెట్‌వర్క్ కనబడితే చిన్న బుడగ వచ్చి అడిగేది. ఆ మార్పు పెట్టిన డబ్బుకు తగినదే.

వేగం గురించి ఎక్కువ చెప్పను. 11 మెగాబిట్లు అన్నది గాలిలో లెక్క. ల్యాప్‌టాప్‌కు అందులో సగం అందితే గొప్ప, చేతి కంప్యూటర్‌కు అంతకన్నా తక్కువ. 240 బై 320 తెర మీద మెయిల్ చదవడానికి అది చాలు. అపార్ట్‌మెంట్లో అసలు ఇబ్బంది వేరు. 2.4 గిగాహెర్ట్జ్ కార్డ్‌లెస్ ఫోన్ మోగినా, మైక్రోవేవ్ తిరిగినా సిగ్నల్ గీతలు పడిపోయేవి. పక్కింటివాళ్లందరి రౌటర్లూ 6వ చానెల్ మీదే కూర్చునేవి. మినీస్టంబ్లర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని గదులన్నీ తిరిగితే ఎవరు ఏ చానెల్ మీద ఉన్నారో కనిపించేది. 1, 6, 11 చానెళ్లు మాత్రమే ఒకదానితో ఒకటి కలవవు. నేను 11కు మారితే పడకగదిలోకి కూడా సిగ్నల్ వచ్చింది. ల్యాప్‌టాప్ మోసుకుని ఈ పని చేయడంకన్నా అరచేతిలో యంత్రంతో చేయడం ఎంతో తేలిక.

బయట వాడకానికి నాకు నచ్చిన చోటు మాన్‌హాటన్‌లో 42వ వీధి పక్కన, పెద్ద లైబ్రరీ వెనక ఉన్న బ్రయంట్ పార్కు. ఎన్‌వైసీవైర్‌లెస్ అనే స్వచ్ఛంద బృందం 2002లోనే అక్కడ ఉచిత వైఫై పెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని, పచ్చ కుర్చీలో కూర్చుని మెయిల్ చూసుకునేవాడిని. ఎండలో యాక్సిమ్ తెర బాగానే కనిపించేది. డబ్బు కట్టి వాడుకునేవి స్టార్‌బక్స్‌లో, బోర్డర్స్ పుస్తకాల షాపుల్లో ఉండేవి. ఉచితమైనా డబ్బుదైనా ముందు బ్రౌజర్ తెరిచి లాగిన్ పేజీ దాటాలి, లేకపోతే మెయిల్ ప్రోగ్రాం ‘కనెక్ట్ కాలేదు’ అని ఊరుకుంటుంది. ఆ పేజీలు పెద్ద తెరల కోసం రాసినవి. కొన్ని చోట్ల అవి కొత్త కిటికీ తెరవాలనేవి, పాకెట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు రెండో కిటికీయే లేదు. ఒక హోటల్లో రాత్రంతా సిగ్నల్ నిండుగా ఉండి కూడా నెట్ అందలేదు.

తెలుగు చదవాలనుకునేవాళ్లకు ఈ యంత్రం అప్పట్లో ఆశ్రయం ఇవ్వలేదు. డెస్క్‌టాప్ మీద విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు కనిపించడం మొదలైంది కానీ, పాకెట్ పీసీకి ఆ విద్య లేదు. వత్తులూ గుణింతాలూ కలపడం దానికి రాదు, డబ్బాలు చూపించేది. పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. నేను ఆ చిన్న తెర మీద చదివిన తెలుగంతా ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసినదే. పద్యాలు, వాదోపవాదాలు, ఛందస్సు చర్చలు అన్నీ ఆ లిపిలోనే రైల్లో చదువుకున్నాను. రైలు ఎక్కేముందు వైఫై ఉన్నచోట మెయిళ్లు దించుకుని, కార్డు తీసి జేబులో వేసుకుంటే దారి పొడుగునా చార్జి మిగిలేది. కార్డు విడిగా ఉండటంలోని సుఖం అదే. తీసేస్తే యంత్రం మళ్లీ పాత, తక్కువ తిండి యంత్రం అయిపోతుంది.

కార్డుకు చెడ్డ రోజులు భద్రత వైపునుంచి వచ్చాయి. వెప్ తాళం బలహీనమని ఫ్లూరర్, మాంటిన్, షమీర్ 2001లోనే చూపించారు. 2003లో దాని బదులుగా డబ్ల్యూపీఏ వచ్చింది. డబ్ల్యూపీఏలోని టీకేఐపీ పద్ధతిని పాత కార్డుల మీద కూడా నడిచేలాగే తయారుచేశారు. అంటే నా కార్డులో లోపం లేదు. పాకెట్ పీసీకి దాని కొత్త డ్రైవరు మాత్రం రాలేదు. ఇంట్లో రౌటర్‌ను డబ్ల్యూపీఏకు మార్చిన రోజునుంచి యాక్సిమ్ బయటే ఉండిపోయింది. ఒక్క చేతి కంప్యూటర్ కోసం ఇల్లంతా వెప్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు షార్ప్ జారస్ ఎస్ఎల్-5500 తీసుకున్నాను. ప్రాసెసర్ 206 మెగాహెర్ట్జే, యాక్సిమ్ ముందు నిదానం. కానీ లోపల లినక్స్ ఉంది, సీఎఫ్ స్లాట్ ఉంది. జారస్ కోసం తయారైన లినక్స్ అయిన ఓపెన్‌జారస్ వేసి, ప్రిజం కార్డులకు రాసిన హోస్ట్‌ఏపీ డ్రైవరు, డబ్ల్యూపీఏతో కనెక్ట్ చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రాం పెట్టి, కార్డు లోపలి ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) కనీసం 1.7 అని చూసుకుని కనెక్ట్ చేస్తే అదే కార్డు డబ్ల్యూపీఏ నెట్‌వర్క్‌లోకి వెళ్లింది. ఒక యంత్రంలో ముసలిదైపోయిన కార్డు ఇంకోదాంట్లో పనికొచ్చింది. తేడా అంతా డ్రైవరుదే. జీతం లేకుండా ఆ డ్రైవరు రాసి, ఏళ్లపాటు సరిచేస్తూ వచ్చినవాళ్లకు నేను నిజంగా రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ఇలాంటిది కొని వాడదామంటే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఈనాటి సైట్లలో చాలావాటి ఎన్‌క్రిప్షన్ పాత బ్రౌజర్లకు అర్థం కాదు, పేజీ తెరుచుకోదు. కొన్ని కొత్త రౌటర్లలో 802.11బి వేగాలు ఆపేసి ఉంటాయి. ఇంటి ప్రధాన నెట్‌వర్క్‌ను బలహీనం చేయకుండా, విడిగా ఒక పాత రౌటర్ పెట్టుకుని ఫైళ్లు పంపుకోవడానికి, సొంత సర్వర్‌లోని సాదా పేజీలు చదవడానికి వాడితే హాయిగా ఉంటుంది. ప్రిజం చిప్ ఉన్న కార్డయితే లినక్స్‌లో దారులు ఎక్కువ. బ్యాటరీ ఎలాగూ పోయే ఉంటుంది, దానికి విడిగా డబ్బు పెట్టుకోండి. కార్డు బాగుందో లేదో కన్నా యంత్రం స్లాట్ ఎలా ఉందో ముందు చూడాలి. సీఎఫ్‌లో కార్డు వైపు రంధ్రాలు, యంత్రం వైపు 50 సన్నని పిన్నులు ఉంటాయి. ఎవరో వంకరగా తోసి ఉంటే వంగేవి ఆ పిన్నులే. అమ్మేవాళ్లను స్లాట్ లోపలికి లైటు వేసి తీసిన ఫొటో ఒకటి అడగండి, పంపకపోతే కొనకండి.