మఖ్సోమ్ వాచ్ రిపోర్టులు: రోజూ చదివి వినిపించే మనిషిగా నా అభిప్రాయం

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్లుగా జెరూసలేంలో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. నేను చూసుకునే పెద్దావిడని సవ్తా అంటాను, హీబ్రూలో అమ్మమ్మ అని. ఆవిడకి చూపు బాగా తగ్గింది. టిఫిన్ అయ్యాక మఖ్సోమ్ వాచ్ వాళ్ల రిపోర్టులు చదివి వినిపించమంటుంది. ఒకప్పుడు ఆవిడా వాళ్లతో వెళ్లిన మనిషే.

మఖ్సోమ్ అంటే చెక్‌పోస్ట్. 2001లో, రెండో ఇంతిఫాదా (ఇజ్రాయెల్ మీద పాలస్తీనా వాళ్ల తిరుగుబాటు) రోజుల్లో, ఇజ్రాయెలీ ఆడవాళ్లు కొందరు ఈ మఖ్సోమ్ వాచ్ సంస్థని మొదలుపెట్టారు. ఇప్పటికీ అందరూ ఆడవాళ్లే, చాలామంది పెద్దవయసు వాళ్లు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్‌లో ఇజ్రాయెల్ సైన్యం పెట్టిన చెక్‌పోస్టుల దగ్గరికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తారు. నిలబడి చూస్తారు, ఇంటికొచ్చి రాస్తారు. జీతం లేదు. రిపోర్టులు హీబ్రూలోనూ ఇంగ్లిషులోనూ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

నాకు వీటిలో బాగా నచ్చింది లెక్క. వెస్ట్‌బ్యాంక్‌లోని రమల్లా నుంచి జెరూసలేం వచ్చే దారిలో ఉన్న కలందియా చెక్‌పోస్ట్ రిపోర్టులే తీసుకోండి. ఎన్నింటికి చేరారు, ఎన్ని తనిఖీ వరుసలు తెరిచి ఉన్నాయి, లైను షెడ్డు దాటి బయటికొచ్చిందా, తామే లైన్లో నిలబడితే అవతలికి తేలడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవన్నీ ఉంటాయి. ఆడవాళ్లకి, ముసలివాళ్లకి, జబ్బుగా ఉన్నవాళ్లకి వేరే గేటు ఉండేది. దాన్ని టైముకి తీశారా లేదా అన్నది పాత రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అరగంటేగా అనుకోకండి. ఇజ్రాయెల్ వైపు పనికని చీకటితో లేచి వచ్చిన పాలస్తీనా కూలీకి అవతల మేస్త్రి బండి వెళ్లిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ అరగంటని తేదీ వేసి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే అది జరగనట్టే ఉండిపోతుంది.

సవ్తా సొరుగులో ఆవిడ పాత నోటుబుక్కు ఒకటుంది. చలికాలం పేజీల్లో అక్షరాలు వంకరగా ఉంటాయి, వేళ్లు కొంకర్లు పోయి రాసినవి. ఒక పేజీ మీద టీ మరక, దాని పక్కనే టైములు. అవే అంకెలు తర్వాత శుభ్రంగా రిపోర్టులోకి ఎక్కేవట.

ఈ రిపోర్టులు నిజమేనా అని నాకు మొదట్లో అనుమానం ఉండేది. క్రిస్మస్‌కి బెత్లెహేము వెళ్లి 231 నంబరు బస్సులో తిరిగొస్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర బస్సు ఆగింది. పాలస్తీనా వాళ్లు దిగి బయట లైను కట్టారు. పాస్‌పోర్టు ఉన్న మాలాంటి విదేశీయులం సీట్లలోనే ఉన్నాం. నా పక్కనున్న అబ్బాయి తన సంచి సీటు మీద పెట్టి, నా వైపు చూసి దిగాడు. చూస్తుండమని. వాడు తిరిగొచ్చేదాకా ఆ సంచి మీద చెయ్యి వేసే కూర్చున్నాను. ఇంటికొచ్చాక రిపోర్టులు వేరేలా చదవడం మొదలుపెట్టాను.

రైతుబిడ్డని కాబట్టి పొలం గేట్ల రిపోర్టులు చదివితే కడుపు మండుతుంది. వెస్ట్‌బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడకి, కంచెకి అవతల పడిపోయిన సొంత పొలానికి పాలస్తీనా రైతు వెళ్లాలంటే పర్మిట్ కావాలి. సైనికులొచ్చి గేటు తీసే వేళకే వెళ్లాలి. కొన్ని గేట్లయితే ఆలివ్ కోతల సమయంలోనే తీస్తారు. కోతలప్పుడే పొలంలోకి వెళ్తే సరిపోతుందా? కలుపు ఎవరు తీయాలి, కొమ్మలు ఎప్పుడు కొట్టాలి?

లోపాలూ ఉన్నాయి. కొత్తగా చదివేవాళ్లకి ఆఫీసుల పేర్లు, వాటిని కుదించి రాసే అక్షరాలు గందరగోళంగా ఉంటాయి. వాళ్లు అక్కడ ఉండేది కొన్ని గంటలే, రాత్రి ఏం జరిగిందో తెలియదు. ఇలా నిలబడి చూడటం చెక్‌పోస్టుకి మంచిపేరు తెచ్చిపెట్టడమే అనే విమర్శ కూడా ఉంది. నేను ఒప్పుకోను. సొంత దేశపు సైన్యం ఎదురుగా నిలబడి ఇరవై ఏళ్లకి పైగా టైములు రాయడం మాటలు కాదు.

మొదటిసారి చదివేవాళ్లు 2019కి ముందు కలందియాలో ఒక ఆదివారం పొద్దుటి రిపోర్టుతో మొదలుపెట్టండి. ఇక్కడ పనివారం ఆదివారంతోనే మొదలవుతుంది, రద్దీ ఎక్కువగా ఆ రోజే ఉండేది. తర్వాత 2019లో ఎలక్ట్రానిక్ గేట్లు పెట్టాక రాసినవి చూడండి, తేడా తెలుస్తుంది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక, ఇజ్రాయెల్‌లో పనికి వచ్చే వెస్ట్‌బ్యాంక్ కూలీల పర్మిట్లు చాలావరకు ఆపేశారు, అప్పటివి చివర్లో చదవండి. వాటిని చదివి వినిపిస్తుంటే, లైనులో ఎంతమంది ఉన్నారని సవ్తా ఇప్పటికీ నన్ను రెండుసార్లు అడుగుతుంది.