తొమ్మిదేళ్లుగా ఇత్తడితో పాత డ్రాగ్‌స్టర్లు కడుతున్నాను

తీర్పు ముందే చెబుతాను. 1950లు, 60ల నాటి డ్రాగ్‌స్టర్‌ను కిట్ కొనకుండా, ముడిసరుకు నుంచి సొంతంగా చిన్న నమూనాగా కట్టాలనుకునేవారికి ఇత్తడిని మించిన లోహం లేదు. ఈ తొమ్మిదేళ్లలో ఏడు కార్లు పూర్తి చేశాను. రెండు సగంలో ఉన్నాయి. ఒకటి గాజు పెట్టెలో కదలకుండా ఉండగానే పగిలింది. ఇత్తడి కొనేముందు తెలుసుకోవలసిన అసలు సంగతి అదే కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

ఈ కార్ల గురించి తెలియనివారికి రెండు ముక్కలు. డ్రాగ్ రేసు అంటే నిలబడ్డ చోటి నుంచి పావు మైలు, అంటే 1,320 అడుగులు, తిన్నగా దూసుకుపోవడం. కాలిఫోర్నియాలో శాంటా ఆనా విమానాశ్రయంలో 1950లో ఈ పోటీలకు ఒక బాట ఏర్పడింది. ఆ తర్వాత పదేళ్లలో కారు రూపమే మారిపోయింది. వేగానికి పనికిరాని ప్రతి రేకునూ తీసేశారు. చివరికి మిగిలినవి రెండు పొడవాటి గొట్టాలు, వాటి మధ్య ఇంజిన్, వెనక ఇరుసుకు ఇంకా వెనక కూర్చున్న డ్రైవరు. ఉండేలులో రాయి పెట్టినట్టు కూర్చుంటాడు గనుక దానికి స్లింగ్‌షాట్ అని పేరు వచ్చింది.

మామూలు కారు నమూనాలో చట్రం ఎలా ఉన్నా పైన బాడీ కప్పేస్తుంది. డ్రాగ్‌స్టర్‌కు ఎముకల గూడే అందం. ప్లాస్టిక్‌లో ఆ గూడు ఎప్పుడూ మొద్దుగానే వస్తుంది. సన్నగా చేస్తే వంగిపోతుంది. ఇత్తడి గొట్టం సన్నగా ఉండి కూడా నిలబడుతుంది. పైగా అప్పటి చట్రం పనివారు ఏం చేశారో మనమూ అదే చేస్తాం: గొట్టం కోయడం, దాని చివరను రెండో గొట్టం గుండ్రానికి సరిపోయేలా చెక్కడం, అతకడం. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది అక్కడే.

కొలత విషయంలో ఒక సలహా. అమెరికన్ కిట్లు ఎక్కువగా 25వ వంతులో వస్తాయి. నేను 24వ వంతు ఎంచుకున్నాను. అసలు కారులో గొట్టం ఒకటిన్నర అంగుళం అనుకుంటే, 24వ వంతులో అది సరిగ్గా అంగుళంలో 16వ వంతు అవుతుంది. ఇక్కడి హాబీ దుకాణాల్లో అన్నిటికంటే ముందు చేతికి దొరికే గొట్టం అదే. దాని గోడ మందం 0.36 మి.మీ. తర్వాతి సైజు గొట్టంలోకి ఇది చక్కగా జారుతుంది. ఇరుసు గొట్టాలు, స్టీరింగ్ గొట్టం వంటివి అలా ఒకదానిలో ఒకటి దూర్చి చేసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికే ఇత్తడికి పూర్తి మార్కులు ఇస్తాను.

నేను కట్టినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1962 నాటి గ్రీర్-బ్లాక్-ప్రుధోమ్ కారు. యజమాని టామ్ గ్రీర్, చట్రం కెంట్ ఫుల్లర్‌ది, ఇంజిన్ కీత్ బ్లాక్‌ది, నడిపింది డాన్ ప్రుధోమ్. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 112 అంగుళాలు. నమూనాలో 118.5 మి.మీ., అంటే అరచేతిలో పట్టేస్తుంది. దాని నిష్పత్తుల్లో ఒక నిండుదనం ఉంది. తర్వాతి కాలపు పొడవాటి కార్లలో అది కనిపించదు.

ఇక కష్టం సంగతి. ఇత్తడి వేడిని వేగంగా మోసుకుపోతుంది. డ్రైవరు తల వెనక నాలుగు గొట్టాలు కలిసే చోటు చూడండి. మూడు అతికి, నాలుగోది పెట్టి వేడి చేయగానే మొదటి మూడూ ఊడివస్తాయి. మొదటి ఏడాదంతా నాకు ఇదే జరిగింది. దీనికి నేను కనుగొన్న మార్గం మాటును, అంటే సోల్డర్‌ను, దశలుగా వేయడం. బలం కావలసిన చోట్ల ముందుగా వెండి మాటు. దానికి 600 డిగ్రీలకు పైగా వేడి కావాలి కాబట్టి చిన్న గ్యాసు మంట వాడతాను. ఆ తర్వాతి అతుకులకు 183 డిగ్రీలకు కరిగే సీసం-తగరం. పక్క అతుకు మీద తడిపిన కాగితం ముద్ద పెడితే అది చల్లగా ఉంటుంది. పని అంతా వేడిని తట్టుకునే సెరామిక్ పలక మీద, గుండుసూదులతో గొట్టాలను బిగించి చేస్తాను.

గొట్టం చివరను చేప నోరులా చెక్కడం అన్నిటికంటే ముఖ్యం. సన్నని గుండ్రటి ఆకురాయితో నాలుగైదు రుద్దులు, దీపానికి అడ్డంగా పెట్టి చూడటం, మళ్లీ రెండు రుద్దులు. రెండు గొట్టాల మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. అప్పుడు ఆవగింజంత సోల్డర్ పెట్టి వేడి చేస్తే, అది ఒక్క క్షణం ముత్యంలా నిలిచి, హఠాత్తుగా అతుకు చుట్టూ వెండి గీతలా పరుగెత్తుతుంది. సందు ఉంటే పరుగెత్తదు, ముద్దగా గడ్డకడుతుంది. గొట్టం కోసేటప్పుడు లోపల 0.8 మి.మీ. ఉక్కు తీగ ఉంచండి. చివర నలగదు. సోల్డర్ బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్ జింక్ క్లోరైడ్‌ది అయితే అదే రోజు వేడినీళ్లతో కడగాలి, లేకపోతే వారం తిరక్కుండానే చిలుము పడుతుంది. సీసం ఉంది కనుక కిటికీ తెరిచి పని చేయండి, తిండికి ముందు చేతులు కడుక్కోండి.

ఇప్పుడు పగిలిన కారు. మూడో ఏడాది కట్టాను. గొట్టాలను కాల్చి మెత్తబరచకుండా చేత్తోనే వంచాను, బాగానే వంగాయి. రంగు వేయకుండా ఇత్తడి మెరుపుతోనే ఉంచాలనుకుని, అమోనియా ఉన్న ద్రవంతో అప్పుడప్పుడు తుడిచేవాణ్ని. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం భూతద్దంతో చూస్తే, ప్రతి వంపు బయటి వైపునా వెంట్రుక మందాన గీతలు. వేలితో తాకగానే ఒక వంపు విరిగి చేతిలోకి వచ్చింది. ఆ రోజు నేను పడ్డ బాధ మాటల్లో చెప్పలేను.

కారణం వెతికితే అది మన దేశానికే తీసుకువెళ్లింది. బ్రిటిష్ కాలంలో సైన్యం ఇత్తడి తొడుగులున్న తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. వర్షాకాలం రాగానే ఆ తొడుగులు వాటంతట అవే చీలిపోయేవి. అందుకే ఈ జబ్బుకు ఇంగ్లిషులో రుతువు పేరుతోనే సీజన్ క్రాకింగ్ అని పేరు పడింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, లోహంలో వంచినప్పుడు మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుందని 1921లో తేల్చారు. నా కారులో మూడూ ఉన్నాయి.

అప్పటి నుంచి వంచవలసిన చోట మాత్రం మసక వెలుతురులో లేత ఎరుపు కనిపించేదాకా కాల్చి, చల్లారాక వంచుతున్నాను. గొట్టమంతా కాలిస్తే చట్రం మెత్తబడి చేతిలో వంకరపోతుంది. వంచిన తర్వాత, అతకడానికి ముందు, వంటింటి ఓవెన్‌లో 260 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచుతాను. బిగువు తగ్గుతుంది, గట్టిదనం పోదు. తోమడానికి ఇప్పుడు చింతపండే. ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే తోమి, బాగా కడిగి, ఆరబెట్టి, పలుచగా లక్క వార్నిష్ పూస్తాను. ఆరేళ్లలో ఒక్క గీత రాలేదు.

ఇంజిన్‌కు మాత్రం ఇత్తడిని సిఫారసు చేయను. ఈ కార్లలో వాడిన క్రైస్లర్ వారి 392 హెమీ ఇంజిన్‌ను ఇత్తడి దిమ్మెతో చేస్తే సన్నని చట్రం దాని బరువుకు కుంగుతుంది. అల్యూమినియంతోనే చేస్తున్నాను. ఇంజిన్ మీద కూర్చునే 6-71 బ్లోయర్ ఒకప్పుడు జీఎంసీ డీజిల్ ఇంజిన్లకు గాలి పంపిన యంత్రం, ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాలు అని ఆ పేరుకు అర్థం. దాని పక్కల గాడులు చెక్కడానికీ అల్యూమినియమే సుఖం. టైర్లు, సీటు, రంగు అందరూ చేసేవే, వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు.

పెడళ్లు అమర్చే చోట మాత్రం ప్రతిసారీ నా చేయి ఆగుతుంది. డ్రైవరు పాదాలు, గిర్రున తిరిగే యంత్రభాగాలు ఎంత దగ్గరగా ఉంటాయో నమూనా కట్టినవారికే తెలుస్తుంది. 1970 మార్చి 8న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ కారు గేర్‌బాక్స్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆయన ఇంజిన్‌ను వెనక్కి మార్చి కొత్త కారు కట్టి, 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ అనే డ్రాగ్ పోటీ గెలిచాడు. ముందు ఇంజిన్ కార్ల కాలం ముగిసింది అక్కడే. నేను కట్టే కార్లన్నీ ఆ రోజుకు ముందువి.

ప్రస్తుతం బల్ల మీద 60ల చివరినాటి 200 అంగుళాల కారు ఉంది. నమూనాలో దాదాపు 212 మి.మీ. ఇంత పొడవున్న గొట్టం మధ్యలో కుంగకుండా ఉండాలంటే అడ్డ గొట్టాలు ఎక్కడ పడాలో ఫోటోలు చూసి లెక్క వేస్తున్నాను. రెండు ప్రధాన గొట్టాలనూ వంచి, నిన్న రాత్రే ఓవెన్‌లో పెట్టి తీశాను.