పద్మినికి రీప్రొడక్షన్ బంపర్ సెట్: కొన్ని ఎండాకాలాలు దాటాక

ముందే చెప్పేస్తున్నా. ప్రీమియర్ పద్మిని కారుకు పాత నమూనాలో కొత్తగా చేసి అమ్మే ఈ సెట్‌లో స్టీలు బంపర్లు కొనొచ్చు, వాటితో పాటు వచ్చే రబ్బర్లు మాత్రం కవరు విప్పకుండానే పక్కన పడేయండి. బిగించిన కొత్తలో రెండూ బాగానే కనిపిస్తాయి. అసలు సంగతి మన వరంగల్ ఎండ తేలుస్తుంది. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

బండి ప్రీమియర్ పద్మిని, పెట్రోలు, ఏపీ 36 నంబరు. హన్మకొండలో ఆదివారాలు తిరుగుతుంది, వీలున్నప్పుడు రామప్ప, లక్నవరం దాకా వెళ్లొస్తుంది. ములుగు రోడ్డు దుమ్ము, వానాకాలం బురద, ఇంటి ముందు ఎండ, అన్నీ తిన్న బండే కానీ షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్నది కాదు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు ఉన్న ఈ కారును స్పోర్ట్స్ కారు లెక్కన చూసుకుంటానంటే నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. మద్రాసు దగ్గర షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన రోజుల్లో జనం చూడటానికి ఎగబడ్డ కార్లలో ఈ ఫియట్లు కూడా ఉన్నాయి.

ఇటలీ ఫియట్ 1100డి డిజైన్‌నే ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి ముంబయి కుర్లాలో తయారు చేశారు. పద్మిని అన్న పేరు 1970లలో వచ్చింది. ముంబయి టాక్సీలు దశాబ్దాల పాటు ఇవే కాబట్టి విడిభాగాలు చేసేవాళ్లకు అంతకాలం గిరాకీ ఉంది. 2023 అక్టోబర్‌తో అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ గడువు కూడా అయిపోయింది. ఇకమీద ఈ సరుకు చేసేది టాక్సీవాళ్ల కోసం కాదు, నాలాంటి పిచ్చివాళ్ల కోసం. ధరలు చూస్తే ఆ తేడా ఇప్పటికే తెలుస్తోంది. రెండు బంపర్లు, నాలుగు ఓవర్‌రైడర్లు (బంపర్ మీద నిలువుగా బిగించే కొమ్ములు), రబ్బర్లు, బోల్టులు కలిపి నాకు 15 వేలు దాటింది, లారీ పార్సిల్ ఖర్చు వేరే.

పాత బంపర్లకే మళ్లీ క్రోమ్ వేయించొచ్చు కదా అని చాలామంది అడిగారు. వేయించొచ్చు, కానీ సరిగ్గా వేసేవాళ్లు దొరకాలి. మంచి ప్లేటింగ్‌లో ముందు రాగి, దాని మీద నికెల్, ఆఖరున క్రోమ్ పడతాయి. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రాన్‌లో చిన్న భాగమే, ఇనుమును తుప్పు నుంచి కాపాడేది కింద ఉన్న నికెల్. చవకగా చేసేచోట రాగి ఎగ్గొట్టి, నికెల్ పేరుకు వేసి, క్రోమ్ మెరుపు చూపించి పంపిస్తారు. ఒక వానాకాలం గడిస్తే లోపలి నుంచి పొక్కులు లేస్తాయి. పైగా నా పాత ముందు బంపర్ లోపలివైపు తుప్పు తిని అట్టలా అయింది. దాని మీద ఎంత క్రోమ్ పోసినా దండగే.

అలా స్టెయిన్‌లెస్ స్టీలు సెట్ వైపు వెళ్లాను. ఇక్కడ కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. షాపులో అయస్కాంతం తెచ్చి పెడతారు, అంటుకోదు, "చూశారా సార్, 304 గ్రేడు" అంటారు. 304 అంటే తుప్పుకు బాగా తట్టుకునే మేలు రకం. కానీ చవక రకమైన 202 గ్రేడు కూడా అంటుకోదు. చవక గిన్నెలకు వాడేది ఆ 200 సిరీస్ స్టీలే. అందులో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది క్రోమ్ పూసిన ఇనుమో, 430 లాంటి స్టీలో అని తేలుతుంది, అంతకు మించి అది చెప్పేదేమీ లేదు. బాగా వంచిన మూలల దగ్గర అసలైన 304 కూడా కొద్దిగా పట్టుకుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. నేను బిల్లు మీద గ్రేడు రాయించుకున్నాను. బంపర్ల విషయంలో ఆ రాత నిజమే అనిపిస్తోంది. ఓవర్‌రైడర్ల విషయంలో నాకు అనుమానమే, ఎందుకో కింద చెబుతాను.

బిగింపు సంగతికొద్దాం. కంపెనీ బంపర్‌లా చక్కగా వచ్చి కూర్చుంటుందని ఆశ పెట్టుకోకండి. రేకు పాతదానికంటే పలచన, చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది. వంపు మధ్యలో సరిగ్గానే ఉంది కానీ చివర్లు కొద్దిగా విచ్చుకున్నట్టు ఉన్నాయి. ఎడమవైపు బ్రాకెట్ దగ్గర బోల్టు రంధ్రం అర బోల్టంత పక్కకు పోయింది. ఆటోనగర్‌లో మా మెకానిక్ తమ్ముడు చూసి, "ఏం గాదన్నా, బోల్టు గట్టిగ బిగిస్తే అదే కూసుంటది" అన్నాడు. వద్దన్నాను. అలా లాగి బిగిస్తే పలచటి రేకు మెలి తిరుగుతుంది, ఎండలో పక్క నుంచి చూస్తే ప్రతిబింబం అలలుగా కనిపిస్తుంది. ఒకసారి మెలి పడ్డ స్టెయిన్‌లెస్‌ను మళ్లీ నునుపుగా తేవడం మామూలు పని కాదు. గుండ్రటి ఆకురాయి తీసుకుని బ్రాకెట్ రంధ్రాన్నే పక్కకు సాగదీశాం. బంపర్ జోలికి పోలేదు. సందు మిగిలినచోట వెనక వాషర్లు పేర్చాం.

వరస ఇలా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ఫెండర్ మూలలకు ముందే మాస్కింగ్ టేపు అంటించాలి, లేకపోతే మొదటి గీత పెయింటు మీదే పడుతుంది. అన్ని బోల్టులూ చేత్తో తిప్పి వదులుగా ఉంచాలి. ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవొద్దు, పాత బండికి ఒకవైపు స్ప్రింగు కుంగే ఉంటుంది. గ్రిల్ కింది అంచు నుంచి కొలవండి. మధ్య నుంచి మొదలుపెట్టి రెండువైపులా కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోవాలి. ఇంకోటి, స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేసి గబగబా స్పానర్ తిప్పితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని సగంలో ఆగిపోతాయి, ఆ తర్వాత కోసి తీయడమే. బోల్టు మరల మీద కాస్త గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పితే చాలు.

ఓవర్‌రైడర్లతోనే ఎక్కువ తంటా వచ్చింది. వాటి వెనక అంచు వంపు బంపర్ వంపుతో కలవలేదు, ఒకవైపు ఆనితే ఇంకోవైపు వేలిగోరు దూరేంత ఖాళీ. జనగామ దగ్గర పెంబర్తిలో రేకు పని చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇత్తడి రేకును లక్క మీద పరిచి దేవతల ముఖాలు తేల్చే ఊరు కదా, ఈ వంపు ఒక లెక్కా అనుకున్నాను. ఆయన కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, అంచును వెలుతురుకు పట్టి చూసి, "గిది ఇత్తడి గాదు సార్, మాట ఇనదు. ఒంచితే మల్ల ఎనుకకే అస్తది" అన్నారు. నిజమే, స్టెయిన్‌లెస్ కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, అందులో 202 మరీను. కావలసినదానికంటే ఎక్కువ వంచి, వెనక్కి రావాల్సింది రానిచ్చి, చివరికి కుదిర్చారు. ఆ పనితనం లేకపోతే ఓవర్‌రైడర్లు ఈపాటికి కదిలి టకటక మోగుతుండేవి.

ఇక రబ్బర్లు. ఓవర్‌రైడర్ ముఖం మీద అతికే నల్లటి పట్టీ ఒకటి, ఓవర్‌రైడర్‌కూ బంపర్‌కూ మధ్య వచ్చే సన్నటి పైపింగ్ ఒకటి ఇచ్చారు. రెండూ పేరుకే రబ్బర్లు, సరుకు పీవీసీ ప్లాస్టిక్. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం వేడికి మెల్లగా బయటికి పోతుంది. మేలో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో, ఎండకు కాలే స్టీలుకు ఆనుకుని ఉన్న నల్ల పట్టీ గతి ఇక చెప్పేదేముంది? మొదటి ఎండాకాలం అయ్యేసరికి పట్టీ కురచైపోయి రెండు చివర్లా ఖాళీ కనిపించింది. తర్వాత గట్టిపడి, వంగినచోట పగిలింది. పైపింగ్ అయితే పెళుసెక్కి ముక్కలుగా రాలింది.

కొనేముందు తేల్చుకునే చిన్న పరీక్ష ఒకటి ఉంది. రాగి తీగను బాగా ఎర్రగా కాల్చి, ఆ పట్టీకి తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అది చాలావరకు పీవీసీయే. ఆరుబయటే చేయండి, ఆ పొగ మంచిది కాదు. మనకు కావలసింది ఈపీడీఎం రబ్బరు, ఇప్పటి కార్ల డోర్లకు వచ్చే బీడింగ్ రకం. ఎండకూ గాలిలోని ఓజోన్‌కూ అది తట్టుకుంటుంది. హైదరాబాద్‌లో తలుపుల, కిటికీల బీడింగ్ అమ్మేచోట మీటర్ల లెక్కన దొరికింది, సైజుకు దగ్గరగా ఉన్నది తెచ్చి కోసుకున్నాం. సబ్బునీళ్లతో జారిస్తే కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన ఎండలకు కూడా చెక్కుచెదరలేదు.

దానికి శత్రువు ఎండ కాదు, మన సర్వీసింగ్ షాపులు. కడిగాక డీజిల్ గుడ్డతో రబ్బర్లు తుడిచి నిగనిగలాడించడం వాళ్లకు అలవాటు. డీజిల్ తగిలితే ఈపీడీఎం ఉబ్బి మెత్తబడుతుంది. బండి అప్పగించేటప్పుడే "డీజిల్ పెట్టకండి తమ్ముడూ" అని ప్రతిసారీ చెప్పుకోవాల్సి వస్తోంది.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. కొన్ని నెలలకే ముందు బంపర్ మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి, టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అవి బంపర్‌వి కావు. వర్క్‌షాపులో పక్కనే గ్రైండర్ నడిచినప్పుడు ఎగిరిన ఇనుప రవ్వలు స్టీలు మీద అతుక్కుని, అవి తుప్పు పట్టాయి. నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి గుడ్డతో రుద్దితే పోయాయి, మళ్లీ రాలేదు. ఓవర్‌రైడర్ల మీద చుక్కలు మాత్రం తుడిచినా వానాకాలం రాగానే అదేచోట తేలుతున్నాయి. అవి 202 అని నా అనుమానం అందుకే. ఇనుప పీచు, గీతలు పెట్టే గిన్నెల స్క్రబ్బర్ వీటి దగ్గరికి రానివ్వకండి. బోరునీళ్లతో కడిగితే వెంటనే తుడవాలి, ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయి.

రంగు గురించి ఒకే మాట. క్రోమ్‌లో కొద్దిగా నీలిఛాయ ఉంటుంది, స్టెయిన్‌లెస్ కాస్త పసుపు వైపు ఉంటుంది. గ్రిల్, హెడ్‌లైట్ రింగుల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పోటీలకు పెట్టే బండి అయితే ఇది వద్దు. సెట్‌తో పాటు ముందు పైపు గార్డు కూడా వేయించుకోమన్నారు, వద్దన్నాను. అలాంటి గార్డుల మీద 2017 చివర్లోనే కేంద్రం ఆంక్ష పెట్టింది.

పాత బంపర్లను తుక్కుకు వేయొద్దు. నావి అటక మీదే ఉన్నాయి. ఓవర్‌రైడర్లను 304 రేకులో విడిగా చేయించాలని చూస్తున్నాను, కొలతలకూ వంపుకూ ఆ పాతవే నమూనా.