హెబ్రీ పత్రికపై ఆడియో పాఠాలు: విన్న తర్వాత నా అభిప్రాయం

క్రీస్తు యాజకత్వంపై, అంటే ప్రజల పక్షాన దేవుని యెదుట అర్పణలు అర్పించే సేవపై, ఇటీవల నేను విన్న ఈ పాఠాలలో బైబిలు కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 7 నుండి 10 వరకు గల అధ్యాయాల వివరణ ఎంతో శ్రద్ధగా సాగింది. యూదా గోత్రంలో పుట్టిన యేసు, యాజక సేవకు ఏర్పరచబడిన లేవీయుల వరుసలో గాక, అబ్రాహాము కాలపు యాజకుడైన మెల్కీసెదెకు క్రమంలో యాజకుడెలా అయ్యాడో బోధకుడు తొందరపడకుండా విప్పి చెప్పారు. నన్ను అన్నిటికంటే కదిలించినది ఒక చిన్న గమనిక: ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్షపు గుడారంలో బల్ల, దీపస్తంభం, ధూపవేదిక ఉన్నాయే గాని యాజకుడు కూర్చోవడానికి ఆసనం లేదు, అనుదినం నిలిచి సేవచేసిన వారి పని ముగియలేదు, క్రీస్తు మాత్రం ఒక్కసారే తన్ను తాను అర్పించుకొని దేవుని కుడిపార్శ్వమున కూర్చున్నాడు. క్రీస్తు నేటికీ మనుషుల పక్షాన దేవునికి చేస్తున్న విజ్ఞాపనను (7:25) బోధకుడు రెండు మాటల్లో దాటవేయడం నాకు పెద్ద లోటుగా తోచింది. పరలోక గుడారాన్ని, మోషేకు కొండమీద చూపబడిన గుడారపు మాదిరితో కలిపి వివరించిన పాఠాన్ని మాత్రం రెండుసార్లు విన్నాను.