మసకబారిన డబుల్ గ్లేజింగ్: ఫ్రేములు ఉంచి అద్దాలు మాత్రమే మార్పించాక

"ఫెన్సా సర్టిఫికెట్ లేకపోతే రేపు ఇల్లు అమ్ముడుపోదు" అని మమ్మల్ని భయపెట్టిన సేల్స్‌మన్ మీద నాకు ఇన్నేళ్లయినా కోపం తగ్గలేదు. కిటికీల పని నిబంధనల ప్రకారం జరిగిందని చెప్పే కాగితం అది. ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో మాదొక మామూలు సెమీ, అంటే పక్కింటితో ఒక గోడ కలిసిన ఇల్లు. యూపీవీసీ (ప్లాస్టిక్) ఫ్రేములు గట్టిగానే ఉన్నాయి. వెనకవైపు కిటికీల్లో మాత్రం రెండు అద్దాల మధ్య చెమ్మ చేరి పెరట్లో ఏముందో కనిపించేది కాదు. అద్దం ఒక్కటే మార్చడానికి రూల్స్ ఒప్పుకోవట, ఫ్రేములతో సహా పీకేయాలట, ఆ రోజే సంతకం పెడితే డిస్కౌంటట. కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఎంతమంది ఈ మాటకే భయపడి డబ్బు కట్టారో!

నిజానికి ఇంగ్లండ్, వేల్స్‌లో 2002 ఏప్రిల్ 1 నుంచి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందకు వచ్చింది కిటికీ మొత్తం మార్చడం. ఫెన్సా, సర్టాస్ లాంటి స్కీములో ఉన్న ఇన్‌స్టాలర్ అయితే ఆ పనికి సర్టిఫికెట్ వస్తుంది. లేదంటే కౌన్సిల్‌లో ఇళ్ల పనులు తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్‌కు చెప్పి చేయించుకోవాలి. ఉన్న ఫ్రేములోంచి పాత గ్లాస్ యూనిట్ (రెండు అద్దాలు కలిపి సీల్ చేసిన జత) తీసి కొత్తది పెట్టడం ఇందులోకి రాదు, ఆ పనికి ఫెన్సా సర్టిఫికెట్ ఇవ్వరు కూడా. మావారు కౌన్సిల్‌కు ఫోన్ చేసి అడిగితే వాళ్లూ అదే చెప్పారు. ఇల్లు అమ్మేటప్పుడు సాలిసిటర్ (లాయరు) పంపే ఫారంలో 2002 తర్వాత కిటికీలు మార్చారా అన్న ప్రశ్న ఉంటుంది. అందుకే బిల్లు మీద "పాత ఫ్రేములోనే, గ్లాస్ యూనిట్లు మాత్రమే" అని స్పష్టంగా రాయించుకుని ఇంటి కాగితాల్లో పెట్టుకున్నాం.

సర్టిఫికెట్ అక్కర్లేదన్నంత మాత్రాన ఏ అద్దం పడితే ఆ అద్దం పెట్టకూడదు. కిటికీలో నేల నుంచి 800 మిల్లీమీటర్ల లోపు, తలుపుల్లో 1500 మిల్లీమీటర్ల లోపు ఉండే అద్దం సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలి. మూలన ముద్ర ఉంటుంది, బిగించాక కూడా కనిపించాలి. పెరటి తలుపుకి నేను ఆ ముద్ర చూశాకే డబ్బులిచ్చాను.

మార్చిన కొత్తలో అడిగిన వాళ్లందరికీ ఇదే చేయించుకోమని చెప్పాను. ఫ్రేములతో కలిపి ఆ సేల్స్‌మన్ చెప్పిన ధరలో ఐదో వంతు కూడా కాలేదు మరి. పాతవాటిలో రెండు అద్దాల మధ్య ఎడం ఉంచే అల్యూమినియం స్పేసర్ బార్ ఉండేది, చలికాలం పొద్దున్నే అద్దం అంచుల వెంట నీళ్లు కారేవి. కొత్తవి వేడిని తక్కువగా బయటికి పంపే వార్మ్ ఎడ్జ్ స్పేసర్‌తో, గది వేడిని లోపలికే తిప్పికొట్టే లో-ఈ కోటింగ్‌తో వచ్చాయి. ఇంట్లోనే బట్టలు ఆరేసుకుని, కుక్కర్ మీద కుక్కర్ పెట్టే మా ఇంట్లో కూడా అంచులు దాదాపు పొడిగా ఉంటున్నాయి.

తర్వాత రెండో చలికాలంలో చిన్న పడకగది అద్దం కింది మూలన మళ్లీ మసక కనిపించింది. లోపల గుడ్డతో తుడిచాను, పోలేదు. మావారు బయట నిచ్చెన వేసుకుని తుడిచినా పోలేదు. అంటే మధ్యలోనే. నాకు ఏడుపొక్కటే తక్కువ. బిగించిన అతన్ని పిలిస్తే వచ్చి అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ పట్టీ ఊడదీశాడు. ఫ్రేము అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి! యూపీవీసీ ఫ్రేములోకి కొద్దిగా వాన నీరు దిగడం మామూలే, అది బయటికి పోవడానికి కింద సన్నని రంధ్రాలు ఉంటాయి. మా ఫ్రేములో అవి మట్టితో, నాచుతో పూడుకుపోయాయి. అద్దం అంచు అన్నాళ్లూ తడిలో నానింది, సీల్ దెబ్బతింది, స్పేసర్‌లో తేమ పీల్చే గుళికలు ఇక పీల్చలేని స్థితికి వచ్చాయి. పాత అద్దం పోయిందీ దానివల్లే అయి ఉంటుందని అతనే అన్నాడు. మొదటిసారి బిగించినప్పుడు ఆ రంధ్రాలు చూడాల్సింది అతనే కదా అని గట్టిగానే అడిగాను. గ్యారంటీ కింద కొత్త యూనిట్ ఉచితంగా ఇచ్చాడు కానీ కూలీ మాత్రం తీసుకున్నాడు. గ్యారంటీ అద్దానికే, పనికి కాదట. కాగితం మీద అలాగే ఉంది, న్యాయంగా మాత్రం అనిపించలేదు.

అప్పటి నుంచి ఏటా వానలు ముదిరే ముందు ఆ రంధ్రాలన్నీ సన్నని పుల్లతో శుభ్రం చేసి, లోపల మగ్గుడు నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూస్తున్నాం. మళ్లీ ఏ అద్దమూ మసకబారలేదు. అక్టోబరు పొద్దుల్లో అద్దం బయటి ముఖం మీద మంచు పడితే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. అది సీల్ లోపం కాదు. ఇంటి వేడి బయటికి పోకపోవడంతో బయటి అద్దం చల్లగా ఉండి మంచు పడుతుంది, ఎండ రాగానే పోతుంది.

అద్దం మారిస్తే ఇల్లంతా వెచ్చబడిపోతుందని కూడా ఇప్పుడు అనను. రబ్బరు గ్యాస్కెట్లు పాతవే, ఉత్తరం గాలి వీస్తే కిటికీ దగ్గర కూర్చోలేం. ఫ్రేములు వంగని, మూలలు విడని మా లాంటి ఇంటికి ఈ పని బాగానే కుదిరింది. లిస్టెడ్ ఇళ్లకు (చారిత్రక కట్టడాలుగా రక్షణ ఉన్నవాటికి) ముందుగా కౌన్సిల్‌ను అడగాలి, స్కాట్లండ్‌లో నిబంధనలు వేరు. మా ముందుగదిలో బయటికి పొడుచుకువచ్చిన బే కిటికీ ఫ్రేములు ఇప్పుడిప్పుడే వదులవుతున్నాయి. పైబరువు కొంత ఆ ఫ్రేముల మీద కూడా ఉండొచ్చు కాబట్టి, అక్కడికి మాత్రం ఫ్రేములతో సహా మార్చి సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్టాలర్‌నే పిలుస్తాం.