దేవమాలి ఎక్కాలా, కాంగేర్ అడవిలో దిగాలా? జంటగా వెళ్లేవాళ్లకి ఏది మేలు

విజయనగరం నుంచి సాలూరు రోడ్డు పట్టుకున్నాక ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు ఉంటే ఎటు పోవాలి అన్నదానికి మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి, మా ఆయనది ఒడిశా కోరాపుట్ వైపు దేవమాలి కొండ పార్టీ, నాది ఛత్తీస్‌గఢ్‌లో జగదల్పూర్ దగ్గరి కాంగేర్ వ్యాలీ అడవి పార్టీ. అరకు పేరు మాత్రం ఎత్తకండి, సంక్రాంతి సెలవుల్లో అక్కడ కొండల కన్నా కార్లే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు దారి. సాలూరు అంటేనే లారీలు కదా, అవన్నీ సుంకి ఘాట్‌లో మీ ముందే మూలుగుతూ ఎక్కుతుంటాయి, అందుకే బైక్ మీదైతే చీకటి పడ్డాక ఆ ఘాట్ వద్దు, పొద్దున్నే దాటేయండి. దాటాక పొట్టంగి, సెమిలిగుడ వైపు నుంచి దేవమాలికి తిరగాలి, మొత్తం సుమారు 130 కిలోమీటర్లు. కాంగేర్‌కి అలా కాదు, కోరాపుట్, జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాది) దాటి జగదల్పూర్ దాకానే 240 దాకా ఉంటుంది, అక్కడి నుంచి సుక్మా రోడ్డులో మళ్లీ వెళ్లాలి. దూరంలో దేవమాలి గెలిచేసింది, మా ఆయన వాదన కూడా ఇక్కడితో సరి.

దేవమాలిని తక్కువ చేయట్లేదు. 1672 మీటర్లు, ఒడిశాలో అదే పెద్ద శిఖరం, మన ఆంధ్రలోని జిందగడ కొండ కన్నా కాస్త చిన్నది అంతే. శీతాకాలం తెల్లారగట్ల మబ్బులు కింద లోయలో, మనం పైన, ఆ కాసేపూ నిజంగా నోట మాట రాదు. కానీ ఆ కాసేపయ్యాక ఏటి చేస్తాం? పైన చెట్లు పెద్దగా ఉండవు, గడ్డి, గాలి, సెల్ టవర్లు, వీకెండ్ అయితే పక్క టెంట్‌లో వాళ్ల బ్లూటూత్ స్పీకరు, పొద్దున లేచి చూస్తే చిప్స్ ప్యాకెట్లు. కారు పై దాకా వెళ్లిపోతుంది కాబట్టి కొండెక్కామన్న తృప్తి కూడా ఉండదు. ఇక సొంత బండి లేకపోతే కష్టమే, మెయిన్ రోడ్డు దాకా బస్సు దొరుకుతుంది గానీ అక్కడి నుంచి కొండ మీదకి ఆటో బేరం ఆడుకోవాల్సిందే.

బ్యాగు తగిలించుకుని బస్సూ రైలూ పట్టుకుని తిరిగే జంటకి దూరంగా ఉన్న కాంగేరే సులువు అని నేను అనేది అందుకే. భువనేశ్వర్ నుంచి వచ్చే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా జగదల్పూర్ వెళ్తుంది, రాత్రి ఎక్కి పడుకుంటే రాయగడ నుంచి కొండల్లోనే పోతుంది, ఘాట్ డ్రైవింగ్ గోల లేదు, లారీల పొగ లేదు.

అక్కడ చూడ్డానికీ చాలా ఉంది. సుమారు 200 చదరపు కిలోమీటర్ల అడవి, 1982లో నేషనల్ పార్క్ చేశారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. కుటుమ్‌సర్ గుహలోకి గైడ్ లేకుండా పంపరు, సన్నటి సందులోంచి ఒంగి మెట్లు దిగాలి, లోపల చలి ఉంటుందనుకుంటే పొరపాటు, ఉక్కపోతతో చెమటలు కారిపోతాయి. సున్నపురాయి మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడి వేల ఏళ్లకి కట్టిన ఊడల్లాంటి రాళ్లు, ఎప్పుడూ వెలుగు చూడక చూపు పోయిన చేపలు, లైటు ఆపేస్తే పక్కనున్న మొగుడు కూడా కనపడడు. ఆయాసం ఉన్నవాళ్లు మాత్రం దిగొద్దు. తీరథ్‌గఢ్ జలపాతం మెట్లు మెట్లుగా దూకుతుంది, 300 అడుగులు అంటారు. చాలామంది చిత్రకోట్ జలపాతం కూడా ఇందులోదే అనుకుంటారు, కాదు, అది జగదల్పూర్‌కి ఇంకో వైపు ఇంద్రావతి మీద ఉంది, దానికి ఇంకో పూట వేసుకోండి.

ఒక చిక్కుంది. వానల్లో జలపాతం బాగుంటుంది గానీ గుహలు మూసేస్తారు, ఎండల్లో గుహ తెరిచే ఉంటుంది గానీ నీళ్లు సన్నబడిపోతాయి, రెండూ కావాలంటే వర్షాలు తగ్గి గుహలు తెరవగానే, నవంబర్ ప్రాంతంలో వెళ్లాలి. ఇంకోటి, స్వెట్టర్ వేసుకుని ఫొటోలు దిగాలన్న సరదా ఉంటే కాంగేర్ వద్దు, ఎత్తు 800 మీటర్లు కూడా దాటదు, ఆ చలి దేవమాలిదే. టెంట్ కూడా ఎక్కడపడితే అక్కడ వేయనివ్వరు, నేషనల్ పార్క్ కదా, ధుడ్‌మారాస్ లాంటి ఊళ్లలో హోమ్‌స్టేలు చూసుకోండి, అక్కడ వెదురు తెప్పల మీద కాంగేర్ నదిలో తిప్పుతారు కూడా. ఎర్రచీమల చట్నీ పెడితే మొహం తిప్పుకోకండి, పుల్లగా బాగుంటుంది, మా ఆయన మాత్రం ముట్టలేదు.

భాషకి దేవమాలి వైపు నయం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం మన విశాఖపట్నం జిల్లాలోదే, ఇప్పటికీ తెలుగుతో గడిచిపోతుంది. జగదల్పూర్ దాటాక హిందీ ముక్కలు నాలుగు రావాలి.

శనివారం సాయంత్రం బయల్దేరి సోమవారం డ్యూటీకి వచ్చేయాలంటే దేవమాలే, ఇంకో దారి లేదు. మూడు రోజులు సెలవు దొరికితే మాత్రం దాని జోలికి పోవద్దు, రైలెక్కేయండి.

పలాస, సోంపేట వైపు వాళ్లకి ఈ రెండూ దూరమే, మీకు పక్కనే మహేంద్రగిరి ఉంది, 1501 మీటర్లు, పైన కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో పాత రాతి గుడులు, దిగొచ్చేటప్పుడు మందస కోవా. శివరాత్రికి మాత్రం ప్రశాంతంగా ఇద్దరమే ఉందామని వెళ్లకండి, జాతర జనంలో ఒకరికొకరు దొరకరు.