ఆగుంబేలో ఆకుల మీది మొక్కలు: ప్యాకేజీ దండగ, వాగు ఒడ్డు పండగ

కర్ణాటకలోని ఆగుంబే వెళ్లేవాళ్లు హోమ్‌స్టేలో ‘రెయిన్‌ఫారెస్ట్ వాక్’ అంటే మాత్రం డబ్బులు కట్టకండి. గదికి ₹4,500 కాక, నడకకి మనిషికి ₹1,200 వసూలు చేశారు. చెట్ల మీద, ఆకుల మీద పెరిగే, నాచు లాంటి బుల్లి మొక్కలైన లివర్‌వర్ట్‌ల కోసమే వస్తున్నామని బుకింగ్ అప్పుడే చెప్పాను. “బోలెడున్నాయి మేడమ్” అన్నారు. తీరా వెళ్తే ఆవరణలో చెట్ల మొదళ్లన్నీ వైర్ బ్రష్‌తో గీకి సున్నం కొట్టేశారు. పాచి కనిపిస్తే గెస్టులకు నచ్చదట!

గైడ్ సంగతి మరీ అన్యాయం. ఫొటోలు దిగే చోట తప్ప ఎక్కడా ఆగనివ్వలేదు. నేనో పొద దగ్గర కూర్చుంటే, చటుక్కున ఆకు తెంపి, గోటితో గీకి, “ఇది తెగులు మేడమ్” అన్నాడు. తెగులేమిటి! అది లివర్‌వర్ట్, దానికసలు వేళ్లే ఉండవు. సన్నటి పోగులతో ఆకుని పట్టుకుని, వాననీ మంచునీ ఒంటితోనే పీల్చుకుని, తన తిండి తనే తయారు చేసుకుంటుంది. మహా అయితే ఆకు మీద పడే వెలుగు కాస్త తగ్గుతుంది. చెప్తే వింటేగా. బావగారు అప్పటికే జలగలతో వేగలేక, “డబ్బులిచ్చి మరీ వాదనలా?” అని విసుక్కున్నారు.

మర్నాడు గైడ్‌ని వదిలేసి ఊరి చివర వాగు ఒడ్డుకి వెళ్లాం. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరు కదా, అక్కడ ఏ ముదురాకు చూసినా ఆకుపచ్చ మచ్చలే. లేతాకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆకు రాలిపోయేలోపే ఈ లివర్‌వర్ట్‌లు పెరిగి సిద్ధబీజాలు వదలాలి, అందుకే చాలాకాలం నిలిచే ఆకులు కావాలి. ₹350 పెట్టి కొన్న 10x లెన్స్‌లో చూస్తే ఒక్కో మచ్చా ఒక మొక్క! అటూ ఇటూ రెండు వరసల ఆకులు, ఒక్కో ఆకు అడుగున మడత పడ్డ చిన్న సంచి, అందులో నీళ్లు. మాను మీద ఎర్రగోధుమ రంగులో ఫ్రులానియా అనే ఇంకో రకం లివర్‌వర్ట్ కనిపించింది. దాని సంచులు అచ్చం చిట్టి టోపీలే. ఎండి ముడుచుకున్న దాని కొమ్మ మీద అక్క సీసాలోంచి నాలుగు చుక్కలు పోసింది. చూస్తుండగానే ఆకులు విచ్చుకున్నాయి. ఆ తర్వాత లెన్స్ నా చేతికి రాలేదు!

వానలు తగ్గాక, అక్టోబర్‌లో వెళ్లండి. జలగలు పట్టకుండా లీచ్ సాక్స్ తప్పనిసరి. లోపలి ట్రెక్‌లకి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. బస్టాండ్ దగ్గర ₹900 లాడ్జి గది చాలు. ఆకులు తెంపే గైడ్ దొరికితే అక్కడికక్కడే ఆపించండి.